మందు పడని మందుల షాపాయన

నా పేరు హజరత్తయ్య. కసుమూరు దర్గాకు మొక్కుకున్నాక పుట్టానని మా అమ్మ ఆ పేరు పెట్టింది. కృష్ణపట్నం పోర్టుకు పోయే రోడ్డులో, కంపెనీ బస్సులు ఆగేచోట నాకొక మందుల షాపుంది. ఫార్మసీలో డిప్లొమా చేశాను. ఒక్కసారికే పాసవలేదు. పాసయ్యానని మాత్రం బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించాను. ఎన్నిసార్లకు పాసయ్యావని బోర్డును ఎవరడుగుతారు?

షాపు పెట్టిన కొత్తలో అందరూ నన్ను "షాపాయనా" అనే పిలిచేవాళ్ళు. ఒకరోజు వేలికి దెబ్బ తగిలించుకొని వచ్చిన కూలీ ఒకడు కంగారులో "డాక్టరు గారూ" అన్నాడు. నేను దిద్దలేదు. దిద్దకపోగా కుర్చీలో కాస్త నిటారుగా కూర్చున్నాను. మర్నాడు కళ్ళజోడు మార్చాను. ఆ తర్వాత ఎవరైనా "షాపాయనా" అంటే నాకు వినపడేది కాదు.

డాక్టరన్నాక వైద్యం ఉండాలి కదా. నా వైద్యమంతా ఒకే అరలో ఉండేది. గులాబీ రంగు మూత ఉన్న ఆయింట్‌మెంటు ట్యూబులు. అందులో ఉండేది నియోమైసిన్ అనే యాంటీబయాటిక్. ఇనుప రేకు గీసుకుందన్నా, బండి సైలెన్సరు కాలిందన్నా, రొయ్యల గుంటలో కాలు తెగిందన్నా, అవతలి మనిషి మాట పూర్తికాక ముందే నా చెయ్యి ఆ అరలోకి పోయేది. ఊరికి పెట్టిన మందు నాకు పెట్టుకోకుండా ఉంటానా! గడ్డం గీసుకుంటూ తెగినా, దోమ కుట్టినా, మడమలు పగిలినా అదే. మా ఆవిడ సాయిలక్ష్మికి పోపు చిట్లి చెయ్యి చురుక్కుమంటే చాలు, ట్యూబు పట్టుకొని వంటింట్లోకి పరిగెత్తేవాణ్ణి.

"నువ్వు ఉండాల్సింది షాపులో గాదయ్యా, ఆ ట్యూబులో" అనేది ఆమె.

పోయిన ఏడాది ఎండలు ముదరక ముందు, ఒక ఉదయం షాపు షట్టరు ఎత్తుతుంటే రేకు అంచు నా ఎడమ ముంజేతిని గీసింది. పెద్ద దెబ్బేం కాదు. ఇంకెవరికైనా అయితే సబ్బుతో కడుక్కొని పనిచూసుకునేవాళ్ళు. నేను డాక్టర్ని కదా, కడిగి, ఆయింట్‌మెంటు దట్టంగా పట్టించి, గాజుగుడ్డ పెట్టి కట్టు కట్టాను. రోజుకు మూడుపూటలా కట్టు విప్పడం, పూయడం, మళ్ళీ కట్టడం. షాపుకు వచ్చినవాళ్ళకు ఆ కట్టు కనబడేటట్టు చెయ్యి కౌంటరు మీదే పెట్టుకునేవాణ్ణి.

గాయం చక్కగా ఎండింది. గాయం చుట్టూ మాత్రం దురద మొదలైంది. ఎర్రబడింది. ఆపైన చిన్న చిన్న నీటి పొక్కులు లేచాయి. నేను దానికి ఇన్ఫెక్షన్ అని పేరు పెట్టాను. ఇన్ఫెక్షన్ అన్నాక ఇంకా ఎక్కువ పూయాలి. పూశాను. పూసిన మేరకల్లా పొక్కులు పరుచుకున్నాయి. అది చూసి, ఇన్ఫెక్షన్ పాకుతున్నదని, అది ఇంకా పోని చోట కూడా ముందుజాగ్రత్తగా పూశాను. పొక్కులు అక్కడికీ వచ్చాయి. నా ముందుచూపుకు నేనే మెచ్చుకున్నాను.

కంపెనీ బస్సు నడిపే కృపాదానం రోజూ షిఫ్టు ముందు మా షాపు దగ్గర ఆగి నాలుగు మాటలు మాట్లాడిపోతాడు. నా చెయ్యి చూసి, "ఇది ఉప్పుగాలన్నా" అన్నాడు. "మా బస్సు రేకునే తినేస్తా ఉండాది. నీ తోలెంత?"

సాయిలక్ష్మి లెక్క వేరు. "వంకాయ తిన్న్యావు, ఎండుచేప తిన్న్యావు. తింటే దురద రాకేం జేస్తాది? ముందు నోరు కట్టుకో."

నాకు ఆమె మాటే శాస్త్రీయంగా అనిపించింది. దురద ఎక్కువైన పూటల్లా, ఆ పూట ఏం తిన్నానో గుర్తుచేసుకొని దాన్ని మానేశాను. మొదట వంకాయ పోయింది. తర్వాత ఎండుచేపలు, రొయ్యలు, కోడిగుడ్లు పోయాయి. ఒకరోజు పెసరట్టు తిన్న గంటకు దురద విపరీతమైతే పెసలను కూడా వెళ్ళగొట్టాను. సముద్రం పక్కన ఇల్లు పెట్టుకొని చారు, మజ్జిగ మీద బతికాను. నేరం చేసినవాణ్ణి రోజూ చేత్తో ఒళ్ళంతా పులుముకుంటూ, పాపం పెసలను అనుమానించాను.

అంతలో హోల్‌సేల్ నుంచి సరుకు ఆలస్యమై ఆ ట్యూబులు అయిపోయాయి. ఒకరోజు పూయడానికేమీ లేదు. సరిగ్గా ఆ మర్నాడే చెయ్యి ఉబ్బి, పొక్కులు చితికి రసి కారింది. చొక్కా చెయ్యి అంటుకుపోయింది. నేను తెలివైన వాణ్ణి కదా, ఠక్కున తేల్చాను. మందు మానేస్తే రోగం పెరిగింది కాబట్టి, ఇన్నాళ్ళూ రోగాన్ని అదుపులో పెట్టింది మందే. సరుకు రాగానే రెండింతలు పూశాను.

అయినా తగ్గకపోయేసరికి ఇంకో క్రీము తీశాను. అందులో మూడు మందులు కలిసి ఉంటాయి. ఒక స్టెరాయిడ్, ఒక ఫంగస్ మందు, వాటితోపాటు మళ్ళీ నియోమైసిన్. పూసిన రెండో రోజుకే దురద ఆగింది, ఎరుపు తగ్గింది. షాపుకు వచ్చినవాళ్ళకల్లా చెయ్యి చూపించాను. "చూడబ్బా, రోగం ఏందో పట్టుకోవాల. పట్టుకుంటే మందెంతసేపు!" అని ఉపన్యాసాలిచ్చాను. తగ్గింది కదాని క్రీము మానేశాను. వారం తిరగకుండా ముంజెయ్యి, మోచెయ్యి, మెడ, ఎక్కడెక్కడ చేత్తో ముట్టుకున్నానో అక్కడంతా లేచింది. ఒక ఉదయం అద్దంలో చూసుకుంటే కళ్ళ రెప్పలు బూరెల్లా ఉబ్బి ఉన్నాయి. వాటి సందులోంచి ఎవరో నావైపు చూస్తున్నారు.

ఆరోజు నిజంగా భయపడ్డాను. సాయిలక్ష్మి దిష్టి తీసింది. వద్దనే ధైర్యం నాకు లేకపోయింది. ఇంకోసారి తియ్యమందామా అనుకున్నాను గాని, ఫార్మసీ డిప్లొమా గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఆ వారంలోనే మా దగ్గర స్కూల్లో ఉచిత వైద్య శిబిరం పెట్టారు. మందులు సర్దే పని నాకిచ్చారు. ప్రతి శిబిరంలోనూ డాక్టర్ల పక్కనే కుర్చీ వేయించుకొని కూర్చోవడం నాకలవాటు. ఆ మండుటెండలో పొడుగు చేతుల చొక్కా వేసుకొని, గొంతు దాకా బొత్తాలు పెట్టుకొని, నల్ల కళ్ళద్దాలతో పోయి కూర్చున్నాను. నా పక్కన నెల్లూరు నుంచి వచ్చిన చర్మవైద్యురాలు డాక్టర్ షమా. ముప్పై దాటి ఉండదు. నేను ఆమెకు మా ప్రాంతపు చర్మరోగాల గురించి వివరిస్తూ, బల్ల కింద చెయ్యి గోక్కుంటున్నాను. కాసేపటికి ఆమె కలం కింద పెట్టింది.

"సార్, ఆ చెయ్యి ఇట్లా ఇవ్వండి."

"ఏం లేదు మేడమ్. చిన్న ఫంగల్ ఇన్ఫెక్షన్. నేనే చూసుకుంటా ఉండా."

ఆమె చొక్కా చెయ్యి పైకి మడిచి చూసింది. అద్దాలు తీయమంది. తీశాను. వరసలో నిలబడ్డ జనం నన్ను చూడటానికి ముందుకు వంగారు.

"ఏమేం పూశారు?"

నేను గర్వంగా చెప్పడం మొదలుపెట్టాను. చెప్పే కొద్దీ ఆమె కనుబొమలు పైకి పోయాయి. మొత్తం విని, "ఇవన్నీ ఎవరు రాసిచ్చారు?" అంది.

"నేనే మేడమ్."

"సోమవారం క్లినిక్‌కు రండి. అప్పటిదాకా దేవుడి మీద ఒట్టు, ఏమీ పూయకండి."

సోమవారం నెల్లూరు పోయాను. టోకెను పట్టుకొని బెంచీ మీద కూర్చుంటే, ఎదుటి బెంచీలో మా షాపుకు వచ్చే ముసలావిడ కనబడింది. "ఏం డాక్టరు గారా, నువ్వు గూడా చూపించుకోవాలంటనా?" అని గట్టిగా పలకరించింది. నర్సు నావైపు అదోలా చూసింది. నేను గోడ మీది ఫ్యానును పరిశీలించాను.

లోపల డాక్టర్ షమా నాకు నా రోగం చెప్పింది.

"హజరత్తయ్య గారూ, రొయ్యలు పడనివాళ్ళు రొయ్యలు తింటే నిమిషాల్లో దద్దుర్లు వస్తాయి, పెదాలు వాస్తాయి. అది ఒక రకం ఎలర్జీ. యాంటీబాడీలు చేసే పని. దేనివల్ల వచ్చిందో వెంటనే తెలిసిపోతుంది. మీకు వచ్చింది ఇంకో రకం. ఇది టి కణాలనే ఒక రకం తెల్లరక్తకణాలు చేసే పని. ఇది నిదానంగా వస్తుంది, ఒకటి రెండు రోజులకు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా. మీరేమో ఆ పూట తిన్నదాన్ని పట్టుకున్నారు."

"పెసలను గూడా మానేసినా మేడమ్" అన్నాను.

"తినండి. పెసలేం చేశాయి! మీకు పడనిది ఆ ఆయింట్‌మెంటు. నియోమైసిన్ అని నా అనుమానం."

నాకు రోషం వచ్చింది. "ఇన్నేళ్ళ నుంచీ పూసుకుంటా ఉండా. పడకపోతే అప్పుడే తెలియదా?"

"ఇన్నేళ్ళు పూశారు కాబట్టే వచ్చింది" అందామె. "ఆ మందు చాలా చిన్న పదార్థం. అది ఒక్కటే ఉంటే మన ఒంట్లో టి కణాలు దాన్ని పట్టించుకోవు. తెగిన చర్మం లోపలికి పోయి మన ప్రొటీన్లకు అతుక్కుంటే అప్పుడు కొత్తదిగా కనిపిస్తుంది. చర్మంలో కాపలా కణాలుంటాయి. అవి దాన్ని పట్టుకొని చంకలోని లింఫు గ్రంథికి పోతాయి. చేతికి పుండైతే చంకలో బిళ్ళ కడుతుంది చూడండి, ఆ బిళ్ళే. అక్కడ టి కణాలకు దాన్ని చూపిస్తాయి. లక్షల్లో ఎక్కడో కొన్నిటికి అది సరిపోతుంది. అవి పెరిగి పెరిగి వేలవుతాయి. ఇదంతా జరుగుతున్నప్పుడు మీకు పైకేమీ తెలీదు. వాటిలో కొన్ని ఆ మందును గుర్తుపెట్టుకొని ఏళ్ళ తరబడి అట్లాగే ఉండిపోతాయి. ఆ తర్వాత ఎప్పుడు కాస్త తగిలినా గుర్తుపడతాయి. రసాయనాలు వదిలి మిగతా కణాలను పిలుస్తాయి. అన్నీ వచ్చి చేరి చర్మం వాచి పొక్కులు లేవడానికి ఆ మాత్రం టైము పడుతుంది."

ఆమె అడిగింది. "టీబీ ఉందేమో చూడటానికి ముంజేతికి చిన్న సూది వేస్తారు, ఎప్పుడు వచ్చి చూపించమంటారు?"

"రెండు మూడు రోజులకు."

"ఎందుకు?"

ఆ మాట నేను కొన్ని వందలమందికి చెప్పి ఉంటాను. ఎందుకో నన్ను ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు. పరీక్షలో వచ్చిన ప్రశ్నేనని ఒక అనుమానం కలిగింది. మొదటిసారి తప్పింది దానివల్లే కావచ్చు.

"అదీ ఇదీ ఒకటే దారి" అందామె. "టి కణాలు రావాలి కదా."

"అయితే మందు మానేసిన మర్నాడే ఎట్టా పెరిగింది మేడమ్?"

"అది అంతకు ముందు పూసినదాని ఫలితం. మానేసినందుకు కాదు. ఇక ఆ మూడు మందుల క్రీములో స్టెరాయిడ్ వాపును అణిచింది, నియోమైసిన్ కింద మళ్ళీ రగిలించింది. స్టెరాయిడ్ ఆపేశారు, మిగిలిందంతా బయటికి వచ్చింది."

ఇంత చెప్పినా నాకు పూర్తిగా నమ్మకం కలగలేదు. నా షాపులో అన్నేళ్ళు నన్ను డాక్టర్ని చేసిన ట్యూబది. రుజువు కావాలన్నాను. "పరీక్ష చేద్దాం, ముందు ఇది తగ్గనివ్వండి" అంది. నియోమైసిన్ లేని మందులు రాసిచ్చింది. కొన్ని వారాల్లో పొక్కులు మాడి, పొట్టు రాలి, చెయ్యి చెయ్యిలా కనబడింది. ఆ తర్వాత పరీక్షకు పిలిచింది.

ప్యాచ్ టెస్ట్ అంటారు దాన్ని. చిన్న చిన్న అల్యూమినియం బిళ్ళల్లో ఒక్కోదాంట్లో ఒక్కో పదార్థం కొద్దిగా పెట్టి, వరసగా వీపు మీద అంటించి, చుట్టూ కలంతో గుర్తులు పెట్టింది. తడపకూడదు, చెమట పట్టకూడదు, బరువులు ఎత్తకూడదు, వీపు గోక్కోకూడదు. ఆ ఎండల్లో చెమట పట్టకూడదని చెప్పినప్పుడు ఆమె నవ్వకుండా ఎలా చెప్పగలిగిందో నాకిప్పటికీ తెలియదు. ఫ్యాను కింద కదలకుండా కూర్చున్నాను. సాయిలక్ష్మి తడిగుడ్డతో కాళ్ళూ చేతులూ తుడిచి, "పెళ్ళికొడుకును జేసినట్టుండావు" అనింది.

రెండో రోజు పోతే బిళ్ళలు తీసేసి చూసింది. ఒకటి రెండుచోట్ల లేత ఎరుపు తప్ప ఏమీ లేదు.

"చూసినారా మేడమ్!" అన్నాను. నా గొంతులో సంతోషం దాగలేదు.

"ఇంకా రెండు రోజులాగి రండి. ఈ మందు ఆలస్యంగా పలుకుతుంది" అందామె.

నేనాగలేదు. మా బస్టాపులో దిగీ దిగగానే కృపాదానానికి చెప్పాను. బస్సులో ఎక్కేవాళ్ళకు చెప్పాను. "అంత పెద్ద డాక్టరు, ఏమీ తేల్చలేకపోయింది. ఆ ట్యూబులో ఏ దోషమూ లేదు. నేను ముందే చెప్తా ఉండా గదా." ఇంటికి పోయి వంకాయ కూర చేయించుకున్నాను. మళ్ళీ నెల్లూరు పోవడం ఎందుకని కూడా అనుకున్నాను.

మర్నాడు సాయంత్రం కుర్చీలో కూర్చొని ఉంటే వీపు మీద ఒక్కచోట చిమచిమలాడింది. ఫ్యాను గాలి అనుకున్నాను. పొద్దున్నకు అక్కడ గోక్కోకుండా ఉండలేకపోయాను. సాయిలక్ష్మిని చూడమన్నాను. ఆమె చొక్కా ఎత్తి చూసింది.

"ఏమయ్యో, ఒక్క బిళ్ళ అచ్చు మాత్రం అట్టనే లేచిందే" అనింది. "గుండ్రంగా, పొక్కులతో. మిగతాయన్నీ చల్లగా ఉండాయి."

ఆ పూటే నెల్లూరు పోతే, ఆ బిళ్ళలో ఏముందో డాక్టర్ షమా ఫోనుతో ఫొటో తీసి, తన పట్టికలో చూపించింది. నియోమైసిన్. ఆమె "చూశారా" అని ఒక్కసారి కూడా అనలేదు. నేను ఆమె స్థానంలో ఉంటే కనీసం మూడుసార్లు అని ఉండేవాణ్ణి.

"ఆ టి కణాలు దీన్ని ఎప్పటికి మర్చిపోతాయి మేడమ్?"

"మర్చిపోతాయని పెట్టుకోకండి. ఇక జన్మలో పూయకండి. దాని జాతి మందులు ఇంకొన్ని ఉన్నాయి, అవి కూడా మీకు పడకపోవచ్చు." పేర్లు రాసిచ్చింది.

"మరి నేను ఊరందరికీ ఇచ్చినా గదా?"

"అందరికీ ఇట్లా రాదు. చాలామందికి ఏమీ కాదు. కాకపోతే ప్రతి గీతకూ అది అక్కర్లేదు. శుభ్రంగా కడిగితే చాలావాటికి అదే మందు. మానని పుండుకు నెలల తరబడి పూసేవాళ్ళు ఎవరైనా ఉంటే నా దగ్గరికి పంపండి."

బస్సులో తిరిగొస్తూ మనసులో ఒక్కొక్కరి పుండూ తలుచుకున్నాను. ఆరోజే, క్లినిక్‌ బెంచీ మీద నన్ను పలకరించిన ముసలావిడ ఇంటికి పోయి, ఆమె ఏం పూస్తున్నదో అడిగాను. ఆమెది ఉత్త చెమటకాయలు. "ఇంటికొచ్చి మరీ అడిగే డాక్టర్ని ఇప్పుడే చూస్తా ఉండా" అని మజ్జిగ ఇచ్చింది.

షాపులో ఆ అర ఖాళీ చేశాను. డాక్టరు చీటీ లేకుండా ఆ ట్యూబు ఇవ్వడం మానేశాను. నాలుగు రోజులకు రొయ్యల గుంట కాపలా కాసే గంగులయ్య పాదం తెగి వచ్చాడు.

"గులాబీ మూతది ఇయ్యన్నా" అన్నాడు.

"సబ్బుతో కడుగు గంగులయ్యా. శుభ్రమైన గుడ్డ కట్టు. తుప్పు ఇనుము కోసుంటే ఆసుపత్రికి పోయి ధనుర్వాతం సూది ఏయించుకో."

"సబ్బు నా దగ్గర లేదా? సబ్బు కోసం నీ దగ్గరికి వచ్చినానా?"

నేను టి కణాల గురించి మొదలుపెట్టాను. కాపలా కణాలు, చంకలో బిళ్ళ, అన్నీ వరసగా చెప్పాను. గంగులయ్య ఓపిగ్గా విని, కుంటుకుంటూ ఎదురుగా ఉన్న ఇంకో మందుల షాపుకు పోయి గులాబీ మూత ట్యూబు కొనుక్కొని, నాకు కనబడేటట్టు జేబులో పెట్టుకొని పోయాడు. వారానికి వాడి పాదం బ్రహ్మాండంగా మానింది. ఆ పాదాన్ని తీసుకొచ్చి నాకు చూపించి మరీ పోయాడు.

నేనూ ఊరుకునేవాణ్ణి కాదు. కొత్త విద్య చేతికొచ్చాక ఊళ్ళో ఎవరిని చూసినా నాకు ఆలస్యపు ఎలర్జీయే కనబడసాగింది. బొట్టుబిళ్ళ కింద మచ్చ ఉన్నవాళ్ళను, గడియారం పట్టీ కింద గోక్కునేవాళ్ళను, జుట్టుకు రంగేసుకునేవాళ్ళను ఆపి ప్రశ్నలు వేశాను. జనం షాపు ముందు నుంచి పోవడం తగ్గించి, రోడ్డుకు అవతల నుంచి నడవడం మొదలుపెట్టారు.

దొరికిపోయినవాడు కృపాదానం. పాదం మీద దురదని చెప్పాడు. బస్సు నడిపేటప్పుడు వేసుకునే రబ్బరు చెప్పులు చూశాను. నా గుండె పొంగింది. రబ్బరులో కలిపే రసాయనాలు, చెమట, టి కణాలు! చెప్పులు మార్పించాను. తగ్గలేదు. ఇంకో రకం మార్పించాను. మూడో జత కూడా అయ్యాక, "నెల్లూరు పోయి డాక్టర్ షమాకు చూపించు. రబ్బరు ఎలర్జీ అని నేను చెప్పినట్టు చెప్పు, ప్యాచ్ టెస్ట్ చేయమను" అని పంపాను.

సాయంత్రం షిఫ్టుకు ముందు వచ్చాడు.

"చెప్పినావా?"

"చెప్పినానన్నా. అంతా ఇనింది. పొట్టు గీకి తీసి గాజు పలక మీద పెట్టి మైక్రోస్కోపులో చూసింది. తామరంట."

"ఉత్త తామరా?"

"ఉత్త తామరే. కాలి వేళ్ళ సందులు ఆరబెట్టుకోమనింది. హజరత్తయ్య గారికి నమస్కారం చెప్పమనింది. చీటీ రాసిచ్చింది, ఇంద."

చీటీ తీసుకొని, అందులో ఉన్న ఫంగస్ మందు వెతికి ఇచ్చాను. ఎలా పూయాలో చీటీలో ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించాను. ఒక్క మాట కూడా నా సొంతం కలపలేదు. అందుకు నా నాలుకను రెండుసార్లు కరుచుకోవలసి వచ్చింది. కృపాదానం బస్సెక్కి హారన్ కొట్టి పోయాడు.

అతను పోయాక, చెప్పులు మార్పించిన రోజుల్లో అతని పాదానికి నేను తీసిన ఫొటో ఫోనులో తెరిచి, పెద్దది చేసి, అటూ ఇటూ తిప్పి చూశాను. ఎంత చూసినా నాకు మాత్రం అది చెప్పుల ఎలర్జీలాగే కనబడింది.